పోతే నాలుగు లక్షలు, బతికితే గొడ్డుకారం

ఎండ విపత్తేనని తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది. వడదెబ్బతో ప్రాణం పోతే ఇచ్చే సాయాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలు చేసింది. మంచిదే. పక్షం రోజులకే అంగన్‌వాడీలకు మే నెలంతా సెలవిచ్చింది. బడులు అప్పటికే మూతపడ్డాయి. విపత్తని రాసుకుని నెల తిరక్కుండానే పిల్లల పొయ్యి ఆరింది. ఇదే ఆనవాయితీగా మారితే ఏటా మే నెల పాలమూరు, నల్లగొండ పసివాళ్లకు పస్తుల నెలే.

మండుటెండలో పసిపిల్లల్ని నడిపించడం ప్రమాదమే, సరుకులు ఇళ్లకు ఇచ్చిన మాటా నిజమే. కానీ ఇంటికి చేరిన గుడ్డు ఏమవుతుందో చూడండి. మూడేళ్లు దాటిన పిల్లకు నెలకు 30 గుడ్లు. ఫ్రిజ్ లేని రేకుల ఇంట్లో పెంకుకున్న సన్నటి రంధ్రాల గుండా తేమ పోయి లోపలి గాలి గది పెరుగుతుంది, తెల్లసొన నీళ్లలా పలుచబడుతుంది. తాజా గుడ్డు నీళ్ల గిన్నెలో అడుగున పడుకుంటుంది. నిలవైతే నిక్కి నిలబడుతుంది, తేలిందంటే పారేయాల్సిందే. అసలు కోళ్లే ఎండకు రొప్పుతూ మేత తగ్గిస్తాయి. గుడ్డు చిన్నదవుతుంది, పెంకు పలుచనవుతుంది. మిగిలినదైనా ఆ పిల్లకే దక్కుతుందా? అంగన్‌వాడీ కేంద్రంలో ఉడికించి చేతిలో పెట్టింది ఆమె కడుపులోకే పోతుంది. ఇంట్లో అది కూరై నలుగురి కంచాల్లోకి పోతుంది. పంచిపెట్టిన తల్లిని తప్పుపట్టేదేముంది?

ఇంట్లో ఇంకేమైనా ఉంటే కదా. పాలమూరు చెల్కల్లో, అంటే ఎర్ర నేలల్లో, జొన్నతో పాటు కంది, బబ్బెర, అనుము కలిపి వేసేవారు. ఒక వాన తప్పినా ఏదో ఒక పంట ఇంటికొచ్చేది. ఇప్పుడంతా పత్తి. తొలకరికి విత్తాక వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు. మిగిలిన కందికీ పూత వేళ ముసురు పడితే పూత రాలుతుంది, మారుకా పురుగు గూళ్లు కడుతుంది. ఇక పప్పు కొనాల్సిందే. కలుపుమందు కొట్టిన చేలో పాయలకూర, తుమ్మికూర కూడా మొలవవు. పైసా ఖర్చు లేకుండా ఒళ్లోకి కోసుకొచ్చుకునే ఆకుకూర అలా పోయింది. చివరికి కంచంలో మిగిలేది రేషన్ బియ్యం, గొడ్డుకారం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ ఆ బియ్యంలోనూ మాంసకృత్తులు, జింకు తగ్గుతాయని పొలాల్లో చేసిన ప్రయోగాలే చెబుతున్నాయి.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు ఇంకో పీడ ఉంది. ఎండకు పిల్లలు నీళ్లు ఎక్కువ తాగుతారు. నల్లా రాని పూట అవి బోరు నీళ్లయితే ఫ్లోరైడూ అంతే ఎక్కువ ఒంట్లోకి పోతుంది. కాల్షియం చాలని ఎముకపై దాని దెబ్బ మరీ గట్టిగా పడుతుంది. నూరు గ్రాముల తైదల్లో (రాగుల్లో) కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో పది దాటదు. తైదంబలి పోయి తెల్లన్నం వచ్చిందంటే ఏం పోయిందో ఈ లెక్కే చెబుతుంది.

తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు పెరగని ఐదేళ్లలోపు పిల్లలు 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 28 శాతం. 2019–21 నాటికి 33.1 శాతం. రక్తహీనత ఏకంగా 70 శాతం. ఇలాంటి రాష్ట్రంలో వంట ఆపడమా?

కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది, 2016 మే నెలలో మళ్లీ చెప్పింది, గుడ్డో పాలో కూడా ఇవ్వమంది. కరువని రాస్తే అన్నం పెట్టాలి, ఎండ విపత్తని రాస్తే సెలవివ్వాలి. ఇదెక్కడి లెక్క? విపత్తు అన్న మాట పరిహారం చెక్కు మీద చెల్లి, పిల్ల కంచం దగ్గర ఎందుకు చెల్లదు?

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. ఏడున్నరకు పొయ్యి వెలిగించి, ఎనిమిదిన్నరకు వడ్డించి, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి పంపేయాలి. ఆ ఎండకు పొద్దున వండిన పప్పు మధ్యాహ్నానికి పులుస్తుంది కాబట్టి నిలవ ఉంచొద్దు. గుడ్లు వారానికోసారి దింపాలి, ఏ రోజువి ఆ రోజే ఉడకబెట్టాలి. టీచర్లకు, ఆయాలకు సెలవు కావాల్సిందే, వంతులు వేయండి. విరేచనాలు పట్టుకున్న పిల్లకు ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింకు బిళ్ల వేయించే మనిషి ఊళ్లో ఉండాలి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే అది తీవ్ర పోషకాహార లోపం. టేపు చుట్టి చూస్తేనే కదా తెలిసేది. కేంద్రానికి తాళం వేస్తే ఎవరు చూస్తారు?

సెలవు ఉత్తర్వు ఇవ్వడానికి పట్టినంత సేపు కూడా పట్టదు, పొద్దుటి వంటకు ఉత్తర్వు ఇవ్వడానికి. అదీ చేతకాదంటారా, సరే. జూన్‌లో తాళం తీశాక మే నెల బరువుల పట్టికలో ఖాళీ గడులు చూపించి, పిల్లలు బాగానే ఉన్నారని మాత్రం చెప్పకండి.