నాలుగు గీతల పుస్తకం గారికి ఒక ఎల్‌కేజీ తండ్రి లేఖ

మహారాజశ్రీ నాలుగు గీతల కాపీరైటింగ్ పుస్తకం గారికి,

ఎల్‌కేజీ బి సెక్షన్ పాప తండ్రి నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం అని రాయాలనే ఉంది. కానీ రాత్రి తొమ్మిదిన్నరైంది, స్మాల్ లెటర్ 'జి' ఇంకా రెండు పేజీలు మిగిలింది. దాని తోక నాలుగో గీతకు తగలాలట, దాటకూడదట.

పాపకు నాలుగేళ్లు. మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. ఈ వయసుకు వాటిలో కొన్ని ఇంకా ఎముకలే కావు, మెత్తటి మృదులాస్థి. మీకు తెలియదని కాదు. అవి గట్టిపడేదాకా ఆగితే పక్క స్కూల్ వాళ్ళు కర్సివ్‌లోకి వెళ్ళిపోతారు కదా, మీ టెన్షన్ మీది.

ఎల్‌కేజీలో 'కేజీ' అంటే బ్యాగు బరువనుకునేవాణ్ని. కిండర్‌గార్టెన్ అట! జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో చిన్నపిల్లలకు బడి పెట్టి, 1840లో దాన్ని 'పిల్లల తోట' అన్నాడు. పిల్లల చేతికి ఆయనిచ్చింది ఉన్ని బంతులు, చెక్క దిమ్మలు. మనవాళ్ళు పేరు దిగుమతి చేసుకుని, బంతుల్ని కస్టమ్స్‌లో వదిలేసినట్టున్నారు.

స్కూల్ గోడ మీద 'ప్లే వే మెథడ్' అని పెద్ద అక్షరాలున్నాయి. జారుడుబండ కూడా ఉంది. దాని మీద కప్పిన కవర్ అడ్మిషన్ల నెలలో తీస్తారు. శనివారం ఆటల పీరియడ్ సిలబస్ మిగిలిందని మీకే ఇచ్చేశారు. మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా చదువు ఎక్కువగా ఆటపాటలతోనే సాగాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది కదా అని ప్రిన్సిపాల్ గారి దగ్గర గొణిగాను. "పేరెంట్సే హోంవర్క్ అడుగుతున్నారండీ" అన్నారు. నిజమే. జూన్‌లో అడిగింది నేనే.

మొన్న మా అమ్మ ఊరి నుంచి వామనగుంటల పీట తెచ్చింది. పద్నాలుగు గుంటలు, సంచీడు చింతగింజలు. పాప రెండు వేళ్లతో గింజ పట్టుకుని గుంటకొకటి వేసుకుంటూ పోయింది. మీ దగ్గర పెన్సిల్ పట్టడం రాదని పేరుపడ్డ వేళ్లే అవి. "నానమ్మా, దొంగాట! ఈ గుంటలో రెండేశావ్" అని పట్టేసింది కూడా. సాయంత్రం వాకిట్లో తొక్కుడుబిళ్ళ. అక్కడా గీత తొక్కితే అవుటే, కానీ ఏడవలేదు, మళ్ళీ నా వంతెప్పుడంది. వీటికి స్టార్లు, మార్కులు ఉండవు కాబట్టి మీ లెక్కలో ఇది చదువు కాదు. అందుకే గింజలు మూటగట్టి అటక మీద పెట్టి, మిమ్మల్ని తెరిచాం.

నిన్న మీ పేజీ కింద మేడమ్ ఎర్ర ఇంకుతో 'గీత దాటుతోంది, పేరెంట్ సైన్' అని రాశారు. సంతకం పెట్టాను. పాప పుస్తకం దగ్గరికి లాక్కుని పరీక్షగా చూసింది.

"నాన్నా, నువ్వు అన్ని గీతలూ దాటేశావ్" అని, లేచి వెళ్ళి ఎరేజర్ తెచ్చిచ్చింది.

ఇట్లు,
తమ విధేయుడు