మహారాజశ్రీ క్వెరీ గారికి

మహారాజశ్రీ క్వెరీ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ మా వైపు కుశలానికి సంబంధించిన ఒరిజినల్ కాగితాలన్నీ మీ దగ్గరే ఉన్నాయి. జిరాక్సులు చూసి రాస్తే మీరు ఒప్పుకోరు కదా.

మన పరిచయం 2025 మార్చిలో, విజయవాడలో ఒక ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర జరిగింది. "సార్, క్వెరీ వచ్చింది" అన్నాడు అక్కడి కుర్రాడు, ఊరినుంచి చుట్టం వచ్చాడన్నంత మామూలుగా. క్లెయిమ్ ఒప్పుకునేముందు ఇన్సూరెన్స్ కంపెనీ వేసే ప్రశ్న అంటే మీరేనని అప్పుడే తెలిసింది. పైన వార్డులో అమ్మ గాల్ బ్లాడర్ ఆపరేషన్‌కి సిద్ధంగా ఉంది. పాలసీ 2019 జనవరిలో తీసుకున్నాం, ఒక్క ఏడాదీ తప్పకుండా కట్టాం. అందుకని క్యాష్‌లెస్ అయిపోతుంది, బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టేస్తుందని నా ధీమా. మీరేమో "రాళ్ళు ఎప్పటినుంచి ఉన్నవో తగిన ఆధారాలతో తెలుపగలరు" అన్నారు.

అయ్యా, ఫ్లైఓవర్‌కైతే శంకుస్థాపన చేస్తారు, శిలాఫలకం మీద తేదీ, ఎమ్మెల్యే గారి పేరు చెక్కిస్తారు. అమ్మ కడుపులో రాళ్ళకి ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. స్కానింగ్‌లో కనబడ్డ రోజే మాకూ తెలిసింది. ఆ రిపోర్టు పంపాం. మీరు వెళ్ళిపోయారనుకుని ఇడ్లీ తినడానికి కిందికి దిగాను. రెండో ఇడ్లీ దగ్గర ఫోన్ మోగింది, మళ్ళీ మీరే.

క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ఇచ్చింది. డిశ్చార్జ్ దగ్గర మూడు గంటలు దాటితే, ఆలస్యం వల్ల పెరిగిన ఆసుపత్రి ఖర్చు కంపెనీయే భరించాలని కూడా రాసింది. ఇదంతా ఫోన్‌లో తీసి డెస్క్ కుర్రాడికి చూపించాను. పాపం మంచివాడు, ఓపికగా చదివాడు. "నిజమే అన్నా, కానీ క్వెరీ వస్తే గడియారం మళ్ళీ మొదటినుంచి కదా" అన్నాడు. చిన్నప్పుడు వైకుంఠపాళి ఆడేవాళ్ళం. పైగడి దాకా పోయాక మింగే పెద్దపాముకి అసలు పేరేమిటా అనుకునేవాణ్ణి. క్వెరీ అన్నమాట.

ఇక పుష్కరాల సంగతికి వస్తాను, అసలు బాధ అదే.

అడ్మిషన్ రోజు రాత్రి డ్యూటీ డాక్టర్ "బీపీ ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాడు. అమ్మ దగ్గర క్యాలెండర్ లెక్కలుండవు. చెల్లి పెళ్ళి, తాతయ్య పోయిన సంక్రాంతి, పుష్కరాలు, ఇవే ఆవిడ తేదీలు. "కృష్ణా పుష్కరాలప్పుడు ఘాట్‌లో ఒకసారి కళ్ళు తిరిగాయి బాబూ, అప్పట్నుంచి జాగ్రత్తగానే ఉంటున్నా" అంది. జాగ్రత్త అంటే ఆవకాయ రెండు ముద్దలకి బదులు ముద్దన్నర. బీపీ మాత్ర మొదలైంది 2022లో. ఆ డాక్టర్ పిల్లాడు అప్పటికి ఎన్ని గంటలుగా నిద్రలేకుండా ఉన్నాడో, కేస్ షీట్ మీద "2016 నుంచి బీపీ" అని రాసి వెళ్ళిపోయాడు.

అంటే పాలసీకి ముందునుంచే జబ్బున్నట్టు. మీకు పండగే. "2016 నాటి మొదటి కన్సల్టేషన్ పేపరు, టెస్ట్ రిపోర్టులు, చికిత్స చేసిన డాక్టర్ సర్టిఫికెట్ పంపగలరు."

పుష్కరాల రోజు అమ్మకి జరిగింది చెబుతాను, రాసుకోండి. ఆగస్టు నెల ఉక్కపోత. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరింది, స్నానం అయ్యేదాకా పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టనంది. మూడు మునకలు వేసి మెట్టెక్కేసరికి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఎవరో వలంటీరు అమ్మాయి ఓఆర్ఎస్ కలిపిచ్చింది. పక్కన ఉచితంగా పంచుతున్న పులిహోర పొట్లం తెచ్చి నాన్న తినిపించాడు. పావుగంటలో లేచి, పసుపుకుంకాలు కొనుక్కుని ఇంటికొచ్చింది. అంటే చికిత్స చేసింది పులిహోర. దాని రిజిస్ట్రేషన్ నంబరు మా దగ్గర లేదు.

ఇదే మర్యాదగా ఇంగ్లీషులో రాసి పంపాను. రెండు గంటల్లో జవాబు వచ్చింది: ముందే ఉన్న జబ్బు దాచిపెట్టారు, క్యాష్‌లెస్ నిరాకరించడమైనది. బీపీకీ రాళ్ళకీ ఏమిటి సంబంధమని అడుగుదామంటే, క్వెరీకి ఎదురు క్వెరీ వేసే గడి ఆ ఫారంలో లేదు. తమ్ముడు చిట్టీ పాడి తెచ్చిన డబ్బుతో లక్షా నలభై రెండు వేలు కట్టి అమ్మని ఇంటికి తెచ్చుకున్నాం. రాళ్ళు ఒక చిన్న డబ్బాలో వేసిచ్చారు. వాటిని కూడా జత చేయమంటారేమోనని పారేయకుండా ఉంచాను.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. మీ దగ్గర అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. యక్షుడు కూడా ప్రశ్నలే అడిగాడు. కానీ జవాబులు నచ్చాక తమ్ముళ్ళని లేపి పంపాడు. నకులుడి ఇండోర్ కేస్ పేపర్లు పేజీ పేజీకీ స్టాంపు వేయించి తెమ్మనలేదు.

తర్వాత కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. పాలసీ ఆపకుండా అరవై నెలలు కడితే, మోసం చేశారని నిరూపిస్తే తప్ప, ఫలానాది చెప్పలేదన్న వంకతో క్లెయిమ్ కాదనకూడదు. ఒకప్పుడు ఇది ఎనిమిదేళ్ళు, 2024లో ఐదుకి తగ్గించారు. మాకు ఆరేళ్ళు దాటాయి. ఇది కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాస్తే, జవాబుగా మళ్ళీ మిమ్మల్నే పంపారు. నెల చూసి హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి తగాదాలు విని తేల్చే అధికారికి, ఫిర్యాదు పెట్టాను. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, అంతే. ఈ ముక్క పాలసీ అమ్మిన ఏజెంటు గారు ఆరేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. పుట్టినరోజు శుభాకాంక్షలు మాత్రం ఏటా పంపేవారు.

హియరింగ్‌కి పదిరోజుల ముందు కంపెనీ నుంచి తియ్యని గొంతు. "సార్, మా మేనేజ్‌మెంట్ సానుభూతితో పరిశీలించి మీకు ఎక్స్‌గ్రేషియా కింద కొంత..."

స్పీకర్ ఆన్‌లో ఉంది. అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ తలెత్తింది. "ఎక్స్‌గ్రేషియా అంటే బస్సు బోల్తా పడితే ఇచ్చేది కదరా? నేను బతికే ఉన్నానని చెప్పు."

చెప్పాను. క్లెయిమ్‌గానే ఇమ్మన్నాను. ఇచ్చారు, లక్షా తొమ్మిది వేలు. మా ఐదు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి రోజుకి ఐదు వేలే, మేం ఆరున్నర వేల గదిలో ఉన్నామట. అందుకని సర్జన్ ఫీజులో కూడా అదే లెక్కన కోత పడింది. ఆపరేషన్ గదిలో చేయలేదండీ, థియేటర్‌లో చేశారు అని మెయిల్ రాశాను. దానికి మీరు రాలేదు. మీకు సందేహం లేని విషయం మొదటిసారి చూశాను.

డబ్బు పడ్డ రోజు తమ్ముడి చిట్టీ వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. అమ్మ మాత్రం హుషారుగా ఉంది. 2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు, తప్పకుండా వెళ్తానంటోంది. వెళ్ళమన్నాను. ఈసారి కళ్ళు తిరిగితే, పులిహోర తినేముందు రసీదు అడిగి తీసుకోమన్నాను.

ఇట్లు,
మీ పాలసీదారు
(సంతకం పాన్ కార్డులో ఉన్నట్టే పెట్టాను, సరిచూసుకోగలరు)