ఏకాగ్రత యాప్ వేసుకోమని మాకు చెప్పేముందు

ఏడీహెచ్‌డీ (ధ్యాసని కావాల్సిన చోట నిలపడం కష్టమయ్యే సమస్య) ఉన్న పెద్దవాళ్లకి ఏకాగ్రత పెంచుతామంటూ యాప్‌లు అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపంగా ఉంది. నాకూ ఏడీహెచ్‌డీ ఉంది. తిరుపతిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర జీఎస్టీ రిటర్నులు వేయడం నా పని. సంగతి తెలియగానే మా పిన్ని దగ్గర్నుంచి ఆఫీసులో పక్క సీటు అన్న దాకా అందరిదీ ఒకటే మాట: "ఏదో బ్రెయిన్ గేమ్ ఉందంట కదా, రోజూ కాసేపు ఆడు, అదే సర్దుకుంటుంది." వాళ్లు నా మంచి కోరే చెబుతారు. వాళ్లకి ఆ నమ్మకం కలిగించిన ప్రకటనల మీదే నా కోపమంతా.

ఆడితే స్కోరు పెరుగుతుంది, కాదనను. రోజూ క్యారమ్స్ ఆడితే క్యారమ్స్ బాగా వస్తుంది, దానివల్ల లెక్కలు రావు. ఈ ఆటల మీద జరిగిన పరిశోధనల్లో పదే పదే కనిపించేది కూడా ఇదే. సాధన చేసిన పనిలోనో, దాన్ని పోలిన పనిలోనో మెరుగవుతారు. ఆఫీసుకీ ఇంటికీ ఆ మెరుగు వచ్చిందనడానికి గట్టి రుజువు దొరకడం లేదు. తమ ఆటలతో ఉద్యోగంలో, చదువులో రాణిస్తారని ఆధారం లేకుండా ప్రచారం చేసిందన్న ఆరోపణ మీద లూమోసిటీ కంపెనీ 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

"మరి మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏనే ఒక ఆటకి అనుమతి ఇచ్చింది కదా" అంటారు. ఇచ్చింది. 2020లో ఎండీవర్‌ఆర్‌ఎక్స్‌కి, 8 నుంచి 12 ఏళ్ల పిల్లల కోసం. అనుమతికి ఆధారమైన వాటిలో ముఖ్యమైన అధ్యయనం 348 మంది పిల్లల మీద జరిగింది. కంప్యూటర్ మీద చేసే ఏకాగ్రత పరీక్షలో ఆ ఆట ఆడినవాళ్లు మెరుగయ్యారు. కానీ ఇంట్లో పిల్లల తీరు ఎలా ఉందని తల్లిదండ్రుల్ని అడిగితే, ఈ ఆట ఆడినవాళ్లకీ, పోలిక కోసం ఇచ్చిన పదాల ఆట ఆడినవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్దవాళ్ల కోసం వచ్చిన దానికి 2024లో అనుమతి దొరికింది. దాని మీద జరిగిన అధ్యయనంలోనైతే పోల్చి చూడటానికి రెండో గుంపే లేదు. పిల్లల ఆటకి అనుమతి ఇస్తూ ఎఫ్‌డీఏ కూడా దాన్ని మిగతా చికిత్సతో కలిపి వాడాలనే చెప్పింది. ఆ వాక్యం ప్రకటనల దాకా రాదు.

అసలు మాకు ఏకాగ్రత లేదన్న మాటే తప్పు. నా స్నేహితుడొకడు తిరుమల ఘాట్ రోడ్డులో టాక్సీ నడుపుతాడు. వాడికీ ఇదే సమస్య. మలుపుల్లో వాడి చూపు పక్కకి పోదు. ప్రమాదం ఎదురుగా ఉంటుంది, చేతిలో పని ఉంటుంది, మెదడు మేలుకుని ఉంటుంది. అదే మనిషికి బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ గడువు గుర్తుండదు, బీరువాలో కాగితాలు తీయాలంటే వారాలు పడుతుంది. మా ఇబ్బందంతా విసుగు పుట్టించే పనిని మొదలుపెట్టడంలో, మధ్యలో వదలకుండా ముగించడంలో, టైమ్ ఎంత గడిచిందో తెలియడంలో ఉంది. రంగులు మారుతూ, నొక్కిన ప్రతిసారీ పాయింట్లు ఇచ్చే ఆటలో కూర్చోవడం మాకు మొదటి నుంచీ వచ్చు. మాకు వచ్చిన పనినే మళ్లీ నేర్పించి డబ్బులు తీసుకుంటున్నారు.

డబ్బులంటే గుర్తొచ్చింది. ముందు ఫ్రీ ట్రయల్, గడువు దాటితే ఆటోపే. మర్చిపోవడమే జబ్బు లక్షణమైన మనుషులకి, గుర్తుపెట్టుకుని రద్దు చేసుకోవాల్సిన చందా అమ్మడం అన్యాయం. ఒకరోజు ఆడకపోతే "మీ వరుస తెగిపోయింది" అని నోటిఫికేషన్ వస్తుంది. చిన్నప్పటి నుంచి సోమరి, నిర్లక్ష్యం అన్న మాటలు పడ్డవాళ్లకి ఫోన్‌తో కూడా ఆ మాట అనిపించాలా?

ఫోన్ వద్దనడం లేదు. 20వ తారీఖులోపు 3బీ అనే జీఎస్టీ రిటర్ను వేయాలి కాబట్టి నా ఫోన్‌లో ముందు నుంచే వరసగా అలారాలు మోగుతాయి. ఏ క్లయింటు బిల్లులు రావాలో క్యాలెండర్‌లో ఉంటుంది. పని మొదలవ్వకపోతే పక్క సీటు అన్నని "కాసేపు కూర్చో అన్నా" అని పిలుస్తాను. మనిషి పక్కనుంటే చెయ్యి కదులుతుంది. ఇవేవీ నా మెదడుని మార్చవు, అది మోయలేని బరువుని బయట పెట్టుకోనిస్తాయి. నాకు కావాల్సిందీ అదే.

పెద్దల్లో ఏడీహెచ్‌డీకి పనిచేస్తాయని బాగా రుజువైనవి మందులు. వాటితో పాటు పనులు ప్లాన్ చేసుకోవడం నేర్పే సీబీటీ అనే మాటల చికిత్స కూడా చాలామందికి ఉపయోగపడుతోంది. పెద్దయ్యాక కొత్తగా వచ్చే జబ్బు కాదిది, లక్షణాలు 12 ఏళ్లలోపే ఉండి ఉండాలి. అందుకే డాక్టర్ బడి రోజుల గురించి అడుగుతారు. వెళ్లేటప్పుడు అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్లండి, పాత ప్రోగ్రెస్ కార్డులుంటే అవి కూడా. నిద్ర సరిగ్గా లేకపోవడం, థైరాయిడ్, డిప్రెషన్ కూడా ఇలాగే కనిపించగలవు. ఆ తేడా ఏ యాప్ క్విజ్జూ తేల్చలేదు.

తిరుపతి చుట్టుపక్కల వాళ్లకి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పీలేరు, పలమనేరు లాంటి చోట్ల ఉండి వెంటనే రాలేనివాళ్లు ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. యాప్ చందా కట్టేసినవాళ్లు ఈ పోస్ట్ పక్కన పెట్టి, ఇప్పుడే ఆటోపే రద్దు చేసుకోండి.