‘తీరని లోటు’ అని రాశాక

రాత్రి పదకొండు దాటాక, మొదటి పేజీ అయిపోవచ్చిందనుకుంటున్నప్పుడు ఫోన్ వస్తుంది. ఫలానా ఆయన పోయారట. ఆ ‘అట’ను తీసేయడం కోసం డెస్క్‌లో ఒకరు వాళ్లింటికి ఫోన్ కలుపుతుంటారు. ఒకరు పాత ఫొటో వెతుకుతుంటారు. ఇంకొకరు వయసు దగ్గర ఆగిపోతారు. 82 అని రాయాలా, 83 అని రాయాలా? కోట శ్రీనివాసరావు 2025 జులై 13న కన్నుమూశారు. అంతకు మూడు రోజుల ముందే 83 నిండాయి. ఇలాంటివన్నీ తేలేసరికి పేజీ వదలడానికి పావుగంట ఉంటుంది. బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ నాటకాలాడి, 750కి పైగా సినిమాల్లో తిట్టించుకుని, నవ్వించి, ఏడిపించి, మధ్యలో ఒక విడత ఎమ్మెల్యేగా కూడా చేసిన మనిషి గురించి ఆ పావుగంటలోనే రాయాలి. వేళ్లు వాటంతటవే ఒక మాట కొట్టేస్తాయి. ‘తీరని లోటు.’

ఎవరినో అనడానికి కాదు, మేమూ అదే రాశాం. ఏడాది చివర్లో పాత పేజీలు తిరగేస్తే సిగ్గేసింది. తబలా విద్వాంసుడు పోయినా లోటే, ఆర్థికవేత్త పోయినా లోటే, ఖగోళ శాస్త్రవేత్త పోయినా లోటే. అన్నీ తీరనివే. ఫొటో, పేరు చేత్తో మూసి చదివితే ఏ వార్త ఎవరిదో పోల్చుకోవడం మాకే కష్టమైంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్న సామెతను పొగడ్తల మీద విసురుగా వాడతాం గానీ, అందులో ఇంకో చురక కూడా ఉంది. బతికుండగా ఆ కళ్లను సరిగ్గా చూసినవాళ్లు లేరు కాబట్టే కదా, చారెడన్నా చెల్లిపోతుందన్న ధైర్యం!

పొగడ్త కంటే తొందర ఇంకా పెద్ద జబ్బు. 2024 డిసెంబర్ 15న జాకిర్ హుస్సేన్ ఇంకా శాన్‌ఫ్రాన్సిస్కో ఆసుపత్రిలో ఉండగానే ఇక్కడ నివాళులు మొదలైపోయాయి. ఊపిరి ఉందని, ఆయన కోసం ప్రార్థించమని కుటుంబం చెప్పుకోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి వార్త నిజమే అయింది గానీ, ఆ రాత్రి ఆ ఇంట్లోవాళ్లు ఎన్ని ఫోన్లు ఎత్తి ఉంటారు? ఏడాది తిరక్కుండానే, 2025 నవంబర్ 11న ధర్మేంద్ర విషయంలో అదే జరిగింది. పేరున్న వార్తా సంస్థలే ఆయన్ని చంపేసి, భార్యా కూతురూ మండిపడ్డాక వార్త వెనక్కి తీసుకున్నాయి. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి కూడా వెళ్లారు. పోయింది నవంబర్ 24న. కోటకైతే ఈ అనుభవం 2023 మార్చిలోనే అయింది. పోయారని సోషల్ మీడియాలో పాకిపోతే, బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకున్నారు.

ముందే రాసి పెట్టుకోవడం తప్పని మేం అనడం లేదు. పెద్ద పత్రికలన్నీ చేసే పనే అది. హాలీవుడ్ నటి ఎలిజబెత్ టేలర్ 2011లో పోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో సంస్మరణ కింద ఉన్న పేరు మెల్ గుస్సోది. ఆయన అప్పటికి ఆరేళ్ల కిందటే పోయారు. అయినా ఆ పత్రిక అదే వేసింది. తీరిగ్గా, ఇష్టంగా రాసింది కాబట్టి పాతబడలేదు.

మన్మోహన్ సింగ్‌తో మీడియాకు ఉన్న బాకీ వేరు. 2014 జనవరి 3న, ప్రధానిగా పెట్టిన చివరి ప్రెస్‌మీట్లలో ఒకదానిలో ఆయన ఒక మాట అన్నారు. ఇప్పటి మీడియా కంటే, పార్లమెంట్‌లో ప్రతిపక్షాల కంటే చరిత్ర తన పట్ల దయగా ఉంటుందని. 2024 డిసెంబర్ 26 రాత్రి, 92 ఏళ్ల వయసులో ఆయన పోగానే, ఆయన మౌనం మీద ఏళ్ల తరబడి కార్టూన్లు వేసినవాళ్లే ఆ వాక్యాన్ని ఎత్తి పెద్దక్షరాల్లో వేశారు. చరిత్ర చూపించాల్సిన దయ తెల్లారేసరికల్లా మేమే చూపించేశాం. దాన్ని మొహమాటం అంటారు.

ఆ రోజు రాయాల్సింది ఏమిటంటే, 1991లో మన విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపోయేంత మాత్రమే ఉన్నాయని, రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో ఇంగ్లండ్ పంపి తాకట్టు పెట్టిందని, ఆ నెలలోనే జులై 24న ఆయన బడ్జెట్ పెట్టారని. 2005లో ఆయన ప్రభుత్వం సమాచార హక్కు చట్టం, ఉపాధి హామీ చట్టం తెచ్చిందని. అలాగే 2014 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు రద్దు చేసిన 214 బొగ్గు గనుల కేటాయింపుల్లో చాలా భాగం ఆయన హయాంలోవేనని. ఈ చివరి వాక్యం చావు రోజున రాస్తే అపచారమన్న భయంతో వదిలేశాం. మిగతా రెండు వాక్యాలైనా సరిగ్గా రాశామా అంటే అదీ లేదు. ‘సంస్కరణల పితామహుడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశాం.

అసలు పితామహుడు ఎవరన్న పంచాయితీ మన తెలుగువాళ్లకు ఎలాగూ ఉంది. పీవీ నరసింహారావు 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో పోయారు. పార్థివదేహం ఉన్న వాహనం అక్బర్ రోడ్‌లో సొంత పార్టీ కార్యాలయం గేటు బయటే ఆగిపోయింది. అంత్యక్రియలు హైదరాబాద్‌లో జరిగాయి. భారతరత్న 2024లో వచ్చింది. మన్మోహన్ స్మారకానికి చోటెక్కడని పార్టీలు తగువు పడ్డప్పుడు మళ్లీ పీవీ పేరే బయటికి లాగారు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన ఒకరి మీద ఒకరు విసురుకోవడానికే పనికొచ్చారు.

బిరుదుల గొడవ మనకే పరిమితం కాదు. ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు హోసె ముహికా 2025 మే 13న పోయారు. ఇంకో వారం ఉంటే 90 నిండేవి. ప్రపంచమంతా ఒకటే శీర్షిక, ‘అతి పేద అధ్యక్షుడు’. ఆ మాట ఆయనకు అసలు గిట్టేది కాదు. ఎంత ఉన్నా చాలనివాడే పేదవాడని ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. జీతంలో తొంభై శాతం దాకా ఇచ్చేసిన సంగతి, పాత నీలం ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ సంగతి అందరూ రాశారు. యువకుడిగా తుపాకీ పట్టి గెరిల్లా దళంలో తిరిగారని, దాదాపు 14 ఏళ్లు జైల్లో, అందులో చాలాకాలం ఒంటరి నిర్బంధంలో గడిపారని కిందెక్కడో రాశారు. బయటికొచ్చాక చేమంతులు పెంచుకున్న ఆ మనిషి అర్థమయ్యేది ఆ కింది పేరా చదివితేనే.

ఈ విషయంలో మేం అందరికంటే ఎక్కువ అన్యాయం చేసింది జయంత్ నార్లీకర్‌కు. 2025 మే 20న, 86 ఏళ్ల వయసులో పుణెలో పోయారు. ‘ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త’ అని రాసి, అవార్డులు వరసగా పేర్చి వదిలేశాం. ఆయన బతుకంతా మెజారిటీకి ఎదురు నిలబడ్డారన్నది ఎక్కడా రాయలేదు. విశ్వం ఒక మహా విస్ఫోటనంతో మొదలైందన్న వాదనను ఆయన, కేంబ్రిడ్జిలో ఆయన గురువు ఫ్రెడ్ హోయల్ ఒప్పుకోలేదు. 1960లలో దొరికిన రుజువులు అటువైపే మొగ్గాయి. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అటే వెళ్లారు. నార్లీకర్ తన సిద్ధాంతాన్ని సవరించుకున్నారు గానీ చివరిదాకా వదులుకోలేదు. ఆయన పొరబడ్డారనే ఎక్కువమంది అంటారు. ఆ ముక్క రాస్తే గౌరవం తగ్గుతుందని ఎందుకనుకున్నామో ఇప్పుడు ఆలోచిస్తే అర్థం కాదు. ఓడిపోయిన పక్షాన నిలబడి, ప్రతి కొత్త లెక్కకూ జవాబు వెతుక్కుంటూ యాభై ఏళ్లు పనిచేయడం అవార్డుల కంటే అరుదు.

ఇంకో సంగతి కూడా ఉంది. జాతకాలు నిజమో కాదో తేల్చాలని ఆయన ఒక పరీక్ష పెట్టారు. చదువులో చురుకైన పిల్లలవి వంద, మానసిక వైకల్యం ఉన్న పిల్లలవి వంద జాతకాలు తీసుకుని, ఏవి ఎవరివో చెప్పమన్నారు. 27 మంది జ్యోతిషులు, ఒక్కొక్కరికి నలభై జాతకాలు. సగటున 46 శాతం సరిపోయాయి. బొమ్మా బొరుసూ వేసినా యాభై వచ్చేవి. రాశిఫలాలు వేసుకునే పత్రికలు, మాతో సహా, ఈ ముక్కను సంస్మరణలో ఎందుకు మరిచిపోయాయో పాఠకులకు చెప్పక్కర్లేదు.

పిల్లలు ఆటోగ్రాఫ్ అడిగితే ఆయన ఇచ్చేవారు కాదు. పోస్టు కార్డు మీద ఒక ప్రశ్న రాసి పంపండి, జవాబు రాసి సంతకం పెట్టి పంపుతానని చెప్పేవారు. పంపేవారు కూడా. ఆ కార్డులు దాచుకున్నవాళ్లు ఇవాళ నడివయసులో ఉంటారు.

జేన్ గుడాల్ 1960లో, 26 ఏళ్ల వయసులో, డిగ్రీ కూడా లేకుండా టాంజానియాలోని గోంబె అడవికి వెళ్లారు. చింపాంజీలకు పేర్లు పెట్టుకుని వాటి వెంట తిరిగారు. కేంబ్రిడ్జి పండితులు తప్పు పట్టారు. జంతువులకు నంబర్లివ్వాలట, పేర్లు కాదట. ఆమె వినలేదు. గడ్డిపుల్ల చెదపుట్టలో దూర్చి చెదలు తీసుకుని తిన్న ఆ మగ చింపాంజీ పేరు డేవిడ్ గ్రేబియర్డ్. పనిముట్లు వాడేది మనిషి ఒక్కడే అన్న నమ్మకం దానితోనే పోయింది. 2025 అక్టోబర్ 1న, 91 ఏళ్ల వయసులో, ఉపన్యాసాల కోసం తిరుగుతూనే ఆమె పోయారు. మా వార్తలో ఆమె వయసు ఉంది, అందుకున్న పురస్కారాలున్నాయి, డేవిడ్ లేడు. మేం ఇచ్చినవీ నంబర్లే.

వనజీవి రామయ్య దగ్గరా అదే చేశాం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి రామయ్య 2025 ఏప్రిల్ 12న పోతే, ‘కోటి మొక్కల మనిషి’ అన్నాం. కోటి ఎవరూ లెక్కపెట్టలేదు, ఆయనకు ఆ లెక్క అవసరమూ లేదు. సైకిల్ మీద మొక్కలు, సంచిలో గింజలు, మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ అన్న బోర్డు, తోడుగా భార్య జానమ్మ. 2017లో పద్మశ్రీ వచ్చాక కూడా ఆ బోర్డు దిగలేదు. ఒకసారి బైకు ఢీకొని ఆసుపత్రిలో పడితే, ఆ నడిపిన అతని మీద కేసు వద్దు, వంద మొక్కలు నాటించండి చాలు అన్నారు. ఇంటిపేరు దరిపల్లి అన్నది జనం ఎప్పుడో మరిచిపోయారు. ముహికాకు గిట్టని పని ఇక్కడ సరిపోయింది. బిరుదే ఇంటిపేరై కూర్చుంది.

కొందరి విషయంలో నివాళి ఆలస్యమవడమే అసలు వార్త. బడికి వెళ్లని కవి అందెశ్రీ పాటను తెలంగాణ ఉద్యమమంతా పాడింది. రాష్ట్రం 2014లో వచ్చింది. అది రాష్ట్ర గీతం అయింది 2024లో. ఆయన 2025 నవంబర్ 10న పోయారు. తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉండే ప్రొఫెసర్ సాయిబాబా మావోయిస్టు సంబంధాల కేసులో నిర్దోషి అని బొంబాయి హైకోర్టు 2024 మార్చిలో తేల్చింది. అక్టోబర్ 12న హైదరాబాద్‌లో పోయారు. మధ్యలో ఉన్నది ఏడు నెలలు. జైల్లో ఉండగా తల్లి పోతే కడసారి చూపుకు కూడా ఆయన్ని పంపలేదు. చనిపోయాక ఆయన మీద వచ్చిన వ్యాసాలన్నీ అంతకు ముందే అచ్చవాల్సినవి. మావీ అంతే.

గుడాల్ 2025 మార్చిలో ఒక ఇంటర్వ్యూ ఇచ్చారు, తను పోయాకే ప్రసారం చేయాలన్న ఒప్పందం మీద. పోయిన రెండు రోజులకు వచ్చింది. తన సంస్మరణ తనే చెప్పుకున్నట్టయింది. అది చూశాక మా డెస్క్‌లో ఒక పని మొదలుపెట్టాం. ముందే రాసి పెట్టుకున్న ఫైళ్లు మా దగ్గరా ఉన్నాయి, ఎవరివో చెప్పకూడదు. వాళ్లకు వరసగా ఫోన్లు చేస్తున్నాం. వయసు కనుక్కోవడానికి కాదు, ఎక్కడ తప్పు చేశామనుకుంటున్నారో, ఎవరితో పోట్లాడి ఓడిపోయారో అడగడానికి. ఫోన్ ఎందుకొచ్చిందో వాళ్లకు తెలిసిపోతోంది. చాలామంది ముందు నవ్వుతున్నారు. ఆ తర్వాత, ఆదివారం తీరిగ్గా రమ్మంటున్నారు.