పిల్లికి పస్తు పెట్టమనే ఆ మెసేజ్ గురించి

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి ధాన్యం ఇళ్ళకు చేరే రోజుల్లో మా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: ‘పిల్లికి కడుపు నిండా పెట్టకండి. తిండి దొరికిన పిల్లి బద్ధకంగా పడుకుంటుంది, ఎలుకల జోలికి పోదు. రెండు మూడు రోజులు పస్తు పెడితే అదే పట్టుకుంటుంది. తిండి ఉండి కూడా పిట్టల్ని చంపుతుంటే అది కొవ్వెక్కిన పిల్లి, ఇంట్లో ఉంచొద్దు. ఎలుకను తెచ్చి గుమ్మంలో పడేస్తే అది మీకిచ్చే కానుక. పిట్టల మీద జాలి ఉంటే మెడలో గంట కట్టండి. ఊళ్ళో పిల్లులు బాగా ఉంటే పొలంలో ఎలుకల మందు పెట్టే పనే ఉండదు.’ కింద దండం బొమ్మ, పదిమందికీ పంపమని విన్నపం.

మొదటి రెండు మాటలూ ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయని రాసినాయన చూసుకోలేదు. తిండి దొరికితే వేటాడదని ఒక వాక్యంలో చెప్పి, తిండి ఉండి వేటాడే పిల్లిని పక్క వాక్యంలో తిట్టాడు. రెండోది మన కళ్ళ ముందు జరిగేదే. కాబట్టి మొదటిది తప్పు.

పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. 1976లో ప్రచురించిన ప్రయోగంలో రాబర్ట్ ఆడమెక్ అనే పరిశోధకుడు ఇష్టమైన తిండి తింటున్న పిల్లుల దగ్గరికి ఎలుకను వదిలి చూశాడు. అవి గిన్నె దగ్గర్నుంచి లేచి, ఎలుకను చంపి, తిరిగొచ్చి గిన్నెలోదే తిన్నాయి. దీనికి కారణం పిల్లి బతికే తీరులోనే ఉంది. ఒక చిట్టెలుకలో ఉండేది సుమారు 30 కేలరీలు. మామూలు సైజు పిల్లికి రోజుకు రెండు వందల పైన కావాలి. అంటే దాని బతుకు ఒక పెద్ద వేట మీద కాదు, రోజంతా పట్టుకునే చిన్న చిన్న వాటి మీద నడిచేది. అందులోనూ దూకిన ప్రతిసారీ దొరకదు, తప్పిపోయినవే ఎక్కువ. ఆకలి వేసేదాకా ఆగి అప్పుడు మొదలుపెడితే పస్తే. అందుకే కదిలేది కనబడితే చాలు, కడుపు సంగతి చూసుకోకుండా ఒళ్ళు దగ్గరికి తీసుకుని పొంచి కూర్చుంటుంది. ఇంట్లో కూర వండి ఉంది కదా అని చేపలు ఎదురెక్కే వేళ వల వెయ్యడం మానేసే జాలరి ఎవరైనా ఉంటాడా?

ఆకలికి అసలు సంబంధమే లేదని కూడా నేను అనను. మాక్సీన్ బైబెన్ అనే పరిశోధకురాలు 1979లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆకలి ఎక్కువైన కొద్దీ పిల్లి చంపడం పెరిగింది. ఆకలి తక్కువగా ఉండి, ఎదుటి జంతువు పెద్దదైతే దాంతో ఆడటం పెరిగింది. ‘పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం’ అని మనం అనేది ఆ ఆటనే. కొవ్వెక్కి చేసేది కాదు. కరిచే ఎలుక మీద నేరుగా నోరు పెట్టడానికి జంకుతూ, పంజాతో కొట్టి, వదిలి, మళ్ళీ కొట్టి అలసిపోయేలా చెయ్యడం అందులో చాలా ఉంటుంది. చూడ్డానికి మనకు బాధగా ఉంటుంది, నిజమే. దాన్ని బట్టి పిల్లి గుణం తేల్చడం మాత్రం మన అలవాటే.

‘మరి మా పిల్లి ఎలుకను చూసి పక్కకి తప్పుకుంటుందండీ, పాలూ చేపలూ పోసి చెడగొట్టాం’ అనేవాళ్ళుంటారు. చెడగొట్టింది పాలు కాకపోవచ్చు. జింగ్-యాంగ్ కువో అనే చైనా శాస్త్రవేత్త పిల్లికూనల్ని మూడు రకాలుగా పెంచి చూసి, ఫలితాలు 1930లో ప్రచురించాడు. తల్లి ఎలుకల్ని చంపడం చూస్తూ పెరిగిన 21 కూనల్లో 18 ఎలుకల్ని చంపాయి. ఒంటరిగా పెరిగిన 20లో 9 చంపాయి. పుట్టినప్పటి నుంచీ ఎలుకతోనే కలిసి పెరిగిన 18లో చంపినవి మూడే. తల్లి పిల్లి ముందు చచ్చిన ఎలుకను, తర్వాత కొనప్రాణంతో ఉన్నదాన్ని, ఆ తర్వాత బతికున్నదాన్ని తెచ్చి కూనల ముందు వదలడం ధాన్యం నిల్వచేసే పురుల చుట్టూ తిరిగే పిల్లుల్ని చూసినవాళ్ళకు తెలిసిందే. కళ్ళు తెరిచీ తెరవకముందే తల్లి నుంచి తీసుకొచ్చేసిన కూనకు ఆ పాఠం అందదు. ఎలుకలు పట్టే పిల్లి కావాలంటే ఎలుకలు పట్టే తల్లి కూనని, రెండు నెలలైనా తల్లి దగ్గర ఉంచి తెచ్చుకోవాలి. పస్తు పెడితే వచ్చే విద్య కాదది.

పస్తుతో ఏం వస్తుందో కూడా చెప్పాలి. ఒళ్ళు చేసిన పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుంటుంది. చికిత్స అందకపోతే చచ్చిపోతుంది కూడా. సన్నగా ఉన్నది ఇల్లు వదిలి ఎక్కడ ఉప్పుచేప ఎండబెడితే అక్కడికి పోతుంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ ఎల్టన్ అనే జంతు శాస్త్రవేత్త పొలాల దగ్గరి కొట్టాల్లో పిల్లుల్ని ఉంచి చూసి 1953లో రాసింది ఈ మెసేజ్‌కి పూర్తిగా ఉల్టా. ముందు ఎలుకల్ని వేరే పద్ధతిలో వదిలించి, తర్వాత పిల్లుల్ని పెట్టి, వాటికి రోజూ పాలు పోస్తే అవి కొట్టాన్ని వదలకుండా ఉండి, ఎలుకలు మళ్ళీ చేరకుండా కాపలా కాశాయి. తిండి పెట్టిన చోటే పిల్లి ఉంటుంది, పిల్లి ఉన్న చోటే దాని వేట. ఇంకో సంగతి, పెంచుకునే జంతువుకు చాలినంత తిండి పెట్టకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ‘పదిమందికీ పంపండి’ అన్నవాళ్ళు ఇది రాయలేదు.

కడుపు నిండా అంటే దేంతో నిండా అన్నది ఎవరూ అడగరు. మన ఇళ్ళలో చాలా పిల్లులకు దొరికేది పెరుగన్నం, పాలు, ఎప్పుడైనా చేప తలకాయ. పిల్లి పుట్టుకే మాంసాహారి. టారిన్ అనే పోషకం మాంసం, చేపల్లోంచే రావాలి. అది చాలకపోతే కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు నైరుతి ఇంగ్లండ్‌లో 219 ఇళ్ళలోని 355 పిల్లుల మీద చేసిన పరిశోధన 2021లో వచ్చింది. మాంసకృత్తులు మాంసం నుంచే ఎక్కువగా ఉన్న, ధాన్యం కలపని తిండి పెడితే పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ ఐదు పది నిమిషాలు దాంతో ఆడితే 25 శాతం తగ్గింది. అంటే తిండి వేటను ఎంతోకొంత తగ్గించేది అది సరైన తిండి అయినప్పుడు, తగ్గించేదే తప్ప ఆపేది కాదు. మన పరిగెలూ మెత్తళ్ళూ లాంటి చిన్న చేపలు ఉప్పు లేకుండా ఉడకబెట్టి పెడితే అంత పనిచేస్తాయా అన్నది అక్కడ చూడలేదు గానీ, పెరుగన్నం కంటే నయమే.

గంట సంగతి కూడా అదే పరిశోధనలో తేలింది. గంట కట్టిన పిల్లులు తెచ్చిన వేటలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. వరండాలో పిచ్చుకల కోసం ధాన్యం కుచ్చులు కట్టే ఇళ్ళవాళ్ళు వాటిని పిల్లి అందుకోలేనంత ఎత్తులో, కింద పొంచి ఉండటానికి చాటు లేని చోట కడితే, తెల్లవారుజామునా సాయంత్రం వేళా పిల్లిని లోపల ఉంచితే అంతకన్నా మేలు.

కానుక మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. దొరికినదాన్ని భయం లేని చోటికి తెచ్చుకుంటుంది, ఆ చోటు మన గుమ్మం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో 55 పెంపుడు పిల్లుల మెడకు కెమెరాలు కట్టి చూస్తే పట్టినవాటిలో ఇంటికి తెచ్చింది 23 శాతమే, దాదాపు సగం పట్టిన చోటే వదిలేశాయి. ఆ పిల్లుల్లో వేటాడింది 44 శాతం. అన్నీ ఇళ్ళల్లో తిండి తినేవే.

ఇక పొలం. మెసేజ్‌లో నష్టం చేసే వాక్యం ఇదే, ఎందుకంటే నమ్మినవాడి చేను పోతుంది. న్యూయార్క్ నగరంలో ఒక చెత్త కేంద్రంలో ఎలుకల గుంపునీ, అక్కడ తిరిగే పిల్లుల్నీ 79 రోజులు కెమెరాలతో గమనించిన ఫలితాలు 2018లో వచ్చాయి. 306 వీడియోల్లో పిల్లులు చంపిన ఎలుకలు రెండు. పిల్లి ఉందని తెలిసి ఎలుకలు బయటికి రావడం తగ్గించాయి, అంతే. చూసేవాళ్ళకు ఎలుకలు తగ్గిపోయినట్టే ఉంటుంది.

మన చేలల్లో పరిస్థితి ఇంకా కష్టం. గట్లలో పొడవాటి బొరియలు తవ్వి కంకుల్ని లోపల దాచుకునే పొలం ఎలుకల దగ్గరికి పిల్లి దూరలేదు. పందికొక్కు కిలో దాకా తూగుతుంది, మూడు నాలుగు కిలోల పిల్లి దాని జోలికి వెళ్ళకపోవడమే తెలివి. మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల నివారణ మీద ప్రత్యేకంగా పనిచేసే విభాగమే ఉంది. గట్లు సన్నగా ఉంచడం, ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టడం, బొరియల్లో పొగబెట్టడం, నాట్లు పడ్డ తొలి రోజుల్లోనే ఊరంతా ఒకేసారి మందు పెట్టడం: వ్యవసాయ శాఖ చెప్పేదీ, ఇక్కడ పనిచేసేదీ ఇదే. ఒక్కడి చేలో పెడితే పక్క చేలోంచి వస్తాయి. గాదె దగ్గరా, పురి చుట్టూ, వంటింట్లో చిట్టెలుకలకు పిల్లి పనికొస్తుంది. దాని పరిధి అంతవరకే.

ఊళ్ళో సామూహికంగా మందు పెట్టే వారం పిల్లి ఉన్నవాళ్ళు ఒకటి చూసుకోవాలి. 96 పాళ్ళ నూకలకు రెండు పాళ్ళ నూనె, రెండు పాళ్ళ బ్రోమోడయోలిన్ కలిపి పెట్టే ఆ ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తం గడ్డకట్టకుండా పోయి, కొన్ని రోజులు మందకొడిగా తిరిగి చస్తుంది. అలాంటి ఎలుక పిల్లికి తేలిగ్గా దొరుకుతుంది, ఆ మందు పిల్లి ఒంట్లోకీ చేరుతుంది. ఆ రోజుల్లో పిల్లిని బయటికి వదలకండి, చచ్చిన ఎలుకల్ని లోతుగా పాతిపెట్టండి. చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి గానీ మలంలో గానీ రక్తం కనబడినా ఆలస్యం చెయ్యకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మందు పేరు చెప్పండి. దీనికి విరుగుడు విటమిన్ కె. కొన్ని వారాల పాటు వాడాల్సి వస్తుంది.