కనుమ నాడు పుట్టినవాడి విదేశయానం

ఒక ఏడాదో రెండేళ్లో పరదేశంలో ఉండి, కొన్నాళ్లు పని చేసుకుంటూ, కొన్నాళ్లు ఊళ్లు చూసుకుంటూ గడిపి రావడానికి యువతకు ఇచ్చే వర్కింగ్ హాలిడే వీసాలు చాలా దేశాలలో ఉన్నాయి గాని, వాటిలో భారతీయులను రమ్మన్న దేశాలను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువేనన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు. బ్రిటన్ 2023 నుంచి ఏడాదికి మూడు వేల మందిని, ఆస్ట్రేలియా 2024 నుంచి ఏడాదికి వెయ్యి మందిని రానిస్తామన్నాయి. రెండు చోట్లా ముందు లాటరీలో పేరు రావాలి, రెండు చోట్లా వయసు ముప్ఫై ఒకటి నిండి ఉండకూడదు. అంటే ఇక్కడ దేశాన్ని మనం ఎంచుకోవడమనేది పేరుకే గాని, నిజానికి ఎంచుకునేది అక్కడి కంప్యూటరు. ఈ చిన్న విషయం విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలోని మా బావగారి ఇంట్లో ఎవరికీ రుచించకపోవడం వల్ల, ఒక దసరా నుంచి మరుసటి ఆషాఢం దాకా అక్కడ జరిగిన చర్చలను మేనమామ హోదాలో నేను దగ్గరుండి విన్నాను.

మా మేనల్లుడు ఋషికొండలో ఒక ఐటీ కంపెనీలో పనిచేస్తున్నాడు. 2024 అక్టోబరులో ఆస్ట్రేలియావారు మనవాళ్లకు మొదటిసారిగా లాటరీ నమోదు మొదలుపెట్టినప్పుడు, దాని రుసుము ఇరవై ఐదు ఆస్ట్రేలియా డాలర్లు, అంటే మన డబ్బులో దాదాపు పద్నాలుగు వందల రూపాయలు. ఆర్.కే. బీచ్‌లో గోడ మీద కూర్చుని, ఒక చేత్తో మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని, రెండో చేత్తో ఫోనులో పూర్తి చేయదగిన పని అది. అటువంటి పనిని అతడు ఇంటికి తీసుకువచ్చి, రాత్రి భోజనాల వేళ, అందరూ వింటుండగా, "ఆస్ట్రేలియాకు ఒక ఏడాది వెళ్లి వద్దామనుకుంటున్నాను" అని ప్రకటించాడు.

బావగారి తండ్రిగారు ఒక ప్రభుత్వ కార్యాలయంలో కొనుగోళ్ల విభాగం చూసి రిటైరైన మనిషి. మూడు కొటేషన్లు లేనిదే తమ హయాంలో గుండుసూదుల పెట్టె కూడా కొనలేదని చెప్పుకోవడం ఆయనకు ఇప్పటికీ గర్వకారణం. ఆయన మజ్జిగన్నం కలుపుకోవడం ఆపి, "ఎన్ని దేశాలు చూసేవురా?" అని అడిగారు.

"ఒకటే తాతయ్యా."

"సింగిల్ కొటేషనా! రేపొద్దున్న ఆడిట్ వాళ్లు అడిగితే ఏటి చెప్తావు?"

ఏ ఆడిటు, ఎవరు అడుగుతారు అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ వేయరు. బ్రిటన్‌తో కలిపి రెండు దేశాలు తేలాయి కనుక, ఫైలు కదలాలంటే మూడో దేశం ఒకటి అవసరమైంది. కంపారెటివ్ స్టేట్‌మెంట్ తయారు చేసే బాధ్యత, ఇంగ్లీషు చదివి అర్థం చెప్పగలడన్న నమ్మకంతో, నాకు అప్పగించారు.

మా బావగారు న్యూజిలాండ్ అన్నారు. తెల్లవారుజామున లేచి అక్కడి క్రికెట్ మ్యాచ్‌లు చూసిన అనుబంధం తప్ప ఆయనకు ఆ దేశంతో వేరే పరిచయం లేదు, అయితే ఆ పచ్చిక చూసిన తరువాత ఇంకేమీ చూడనక్కరలేదని ఆయన వాదం. అనకాపల్లి నుంచి పిన్నిగారు ఫోనులో, స్పీకరు పెట్టించుకుని మరీ, కెనడా అన్నారు. ఆవిడ తోటికోడలి కొడుకు టొరంటోలో ఉన్నాడు. ఇక మా అక్కయ్య జపాన్ అంది. రైళ్లు వేళకు నడుస్తాయని, వీధులు శుభ్రంగా ఉంటాయని పైకి చెప్పింది గాని, అక్కడ మనవాళ్లు తక్కువ కనుక కొడుకు సంగతులు వారం తిరగకుండా అనకాపల్లికి చేరవన్నది ఆమె అసలు లెక్క అని నా అనుమానం. ఈ మూడు దేశాలకూ వర్కింగ్ హాలిడే పథకాలున్న మాట నిజమే. అప్పటికి వాటిలో దేని జాబితాలోనూ భారతదేశం పేరు లేకపోవడమూ అంతే నిజం. ఆ మాట నేను చెప్పినప్పుడల్లా తాతగారు, "లేదని రాతమూలకంగా తెప్పించు" అనేవారు.

మూడో కొటేషను కోసం మేము భూగోళమంతా గాలిస్తున్న ఆ నెలలో, మొదటి రెండు వారాలకే దాదాపు నలభై వేల మంది భారతీయులు ఆ వెయ్యి ఆస్ట్రేలియా వీసాలకు పేర్లు ఇచ్చేశారు. నమోదుకు ఆఖరి రోజు అక్టోబరు 31. ఆ ఏడాది దీపావళి కూడా ఆ రోజే వచ్చింది. మేమంతా మేడ మీద చిచ్చుబుడ్లు వెలిగిస్తూ, పండగ వెళ్లిన తరువాత స్థిమితంగా కూర్చుని తేల్చుకుందామని ఏకగ్రీవంగా తీర్మానించిన సమయానికి, ఆ గడువు కాస్తా గడిచిపోయింది.

గడువు పోయిందని తెలిసినా ఆస్ట్రేలియా మీద చర్చ ఆగలేదని చెబితే ఇతర ప్రాంతాలవారు నమ్మకపోవచ్చు. వచ్చే ఏడాది ఉండనే ఉంది కదా అన్న ధీమాతో అది మరింత లోతుకు పోయింది. ఆ వీసాతో వెళ్లినవారు పన్నెండు నెలలు ఉండవచ్చు, ఒక యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు, రెండో ఏడాది కూడా ఉండాలంటే వారు చెప్పిన ప్రాంతాలలో, వారు చెప్పిన తరహా పనులలో మూడు నెలలు గడపాలి. ఆ పనులలో పళ్ల తోటల్లో కోతలు కోయడం ఒకటి అని నేను చదివి వినిపించిన రోజున ఆ ఇంట్లో పుట్టిన దుమారం వేరే.

మా బావగారికి శృంగవరపుకోట దగ్గర జీడితోట ఉంది. మధ్యలో పది పన్నెండు మామిడి చెట్లు కూడా ఉన్నాయి. ప్రతి వేసవిలోను జీడిపిక్కలు ఏరించడానికి మనుషులు దొరకక ఆయన పడే పాట్లు మాకందరికీ తెలుసు. ఆ తోటకు ఒక్కసారి వచ్చి నీడన నిలబడమంటే, వీకెండ్‌లో కూడా ఆఫీసు కాల్స్ ఉన్నాయని తప్పించుకునే కొడుకు, సముద్రాలు దాటి వెళ్లి ఎవరి తోటలోనో నిచ్చెన ఎక్కి కాయలు కోస్తాడా అని ఆయనకు కోపం వచ్చింది. అక్కడ గంటకు కూలి ఎంతో కొడుకు చెప్పాడు. దానిని రూపాయల్లోకి మార్చి చూసుకున్న తరువాత బావగారు చాలాసేపు మాట్లాడలేదు. ఆపైన, మన కూలీలకు ఈ సంగతి తెలియకుండా చూడమని మాత్రం అందరినీ హెచ్చరించారు. తాతగారు మరొక మెట్టు పైకి వెళ్లి, ఆ మూడు నెలల పనీ శృంగవరపుకోటలోనే చేసి, గ్రామ సచివాలయం నుంచి సర్టిఫికెట్ పట్టుకెళితే వాళ్లు ఒప్పుకోరా అని ఆరా తీయమన్నారు.

సంక్రాంతి వచ్చింది. మేనల్లుడు 1995లో కనుమ నాడు పుట్టాడు కనుక, ఆ ఇంట్లో అతడి పుట్టినరోజును తేదీతో పని లేకుండా ప్రతి ఏటా కనుమ నాడే, మినపగారెలతో చేస్తారు. ఈసారి ముప్ఫై నిండాయి. ఇంకా ఒక ఏడాది వ్యవధి ఉందని అందరూ వేళ్ల మీద లెక్కపెట్టి సంతోషించారు, ఒక్క నాయనమ్మగారు తప్ప. "కనుమ నాడు కాకైనా కదలదు, ఆ రోజున పుట్టినవాడికి ప్రయాణం రాసి ఉంటుందేటర్రా?" అని ఆవిడ మొదటినుంచీ అంటూనే ఉన్నారు. ఆవిడ అభిప్రాయాన్ని నేను స్టేట్‌మెంట్‌లో ఎక్కించలేదు. ఎక్కించవలసింది.

ఫిబ్రవరికి బ్రిటన్ వంతు వచ్చింది. ఆ లాటరీకి రుసుము లేదు, పేరు వచ్చినవారికి రెండేళ్ల వీసా, డిగ్రీ ఉంటే చాలు. అయితే బ్యాంకులో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. ఆరోగ్య సేవల కోసమని ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్ల సొమ్మూ ముందే కట్టాలి. ఇది విన్న తాతగారు, "రెండేళ్లలో తుమ్ము కూడా రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా?" అని అడిగి, ఇవ్వరని తెలుసుకుని, అయితే మోకాలి నొప్పి ఏదైనా ఇక్కడి నుంచే చూసుకుని బయలుదేరడం మంచిదన్నారు. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకుతుందని విని అక్కయ్య దిగులు పడింది. ఏడాది పొడుగునా చెమట కారే ఈ ఊళ్లో పుట్టిన పిల్లవాడు ఆ చలిచీకట్లో ఏమవుతాడన్న ఆమె బాధను నేను కాదనలేను గాని, ఆస్ట్రేలియాలో సంక్రాంతికి మండుటెండ అని చెప్పినప్పుడు కూడా ఆమె ఇంతే దిగులు పడింది.

బ్రిటన్ లాటరీ తెరిచి ఉంచేది 48 గంటలు మాత్రమే. ఆ ఫిబ్రవరిలో అది మంగళవారం నాడు తెరుచుకుంది. మంగళవారం కొత్త పని మొదలుపెట్టడమేమిటన్నారు. బుధవారం నాడు ముందుగా సంపత్ వినాయకుడి గుడికి వెళ్లి రావాలన్నారు. కొత్త బండ్లకు పూజ చేయించే ఆ స్వామి లాటరీలు కూడా చూస్తాడా అన్న సందేహం మీద వాదన జరిగి, తీరా బయలుదేరేసరికి గుడి దగ్గర కార్ల వరుస సిరిపురం వైపు సాగి, ఇంటికి చేరేసరికి రాత్రి భోజనాల వేళ అయింది. గురువారం అష్టమి. ఆ మధ్యాహ్నంతో లాటరీ మూతపడింది. మళ్లీ జులైలో తెరుస్తారన్న వార్త తెలిసి, "టైమిచ్చేరు, మంచిదే" అన్నారు తాతగారు.

జులైలో తెరుచుకున్నదీ మంగళవారమే. ఈసారి మేనల్లుడు ఎవరినీ అడగలేదు. ఆఫీసు నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, "మావయ్యా, మీ ల్యాప్‌టాప్ ఒకసారి ఇవ్వండి" అని, తలుపు వేసుకుని కూర్చున్నాడు. పేరు రాశాడు, పాస్‌పోర్టు నంబరు రాశాడు, పుట్టిన తేదీ దగ్గర అలవాటు కొద్దీ పాస్‌పోర్టులో ఉన్నది చూసి 1994 జూన్ 15 అని కొట్టాడు. ఆ పైన ఉన్న నిబంధనను, కింద తాను కొట్టిన తేదీని మార్చి మార్చి చూసి, అతడు గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

పరీక్షలు, పాన్ కార్డు, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నిటికీ అతడు ఆ తేదీనే రాస్తూ వచ్చాడు. అయినా దానిని తన వయసుగా ఎన్నడూ అనుకోలేదు, అది దరఖాస్తులలో నింపవలసిన ఒక అంకె. మన ప్రాంతంలో ఒక తరం మొత్తానికి ఇటువంటి జూన్ తేదీ ఒకటి ఉంటుంది. 1999 జూన్‌లో మనవణ్ణి ఒకటో తరగతిలో చేర్పించడానికి తాతగారే స్వయంగా తీసుకువెళ్లారు. అయిదేళ్లు నిండాయా అని హెడ్మాస్టరు అడిగితే, నిన్నటితోనే నిండాయన్నారు. అనుమానం తీరక ఆయన కుర్రవాడి కుడి చెయ్యి తల మీదుగా వేయించి ఎడమ చెవి అందుకోమంటే, చెయ్యి చాలకపోవడం చూసి తాతగారు తలను కాస్త పక్కకు వంచి చెవినే చేతికి అందించారు. మనవడికి ఒక ఏడాది కలిసి వచ్చిందని ఆ రోజు ఇంట్లో పాయసం చేశారట. కాగితం మీద అతడికి నెల క్రితమే ముప్ఫై ఒకటి నిండిపోయాయి. బ్రిటన్ లేదు, వచ్చే ఏడాది ఆస్ట్రేలియా కూడా లేదు.

తాతగారు ఓటమి ఒప్పుకునే మనిషి కాదు. అసలు తేదీకి అసలు రుజువు జాతక చక్రమేనని, సింహాచలం పంతులుగారు పసుపు కాగితం మీద వేసిన దానిని నోటరీ చేయించి బ్రిటన్ ప్రభుత్వానికి పంపితే తలొగ్గక తప్పదని నిర్ణయించి, మనవణ్ణీ నన్నూ వెంటబెట్టుకుని జిల్లా కోర్టు దగ్గరి ఒక నోటరీగారి బల్ల ముందు కూర్చున్నారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, చక్రంలోని గడులన్నీ వేలితో నెమ్మదిగా తాకుతూ పోయి, రబ్బరు స్టాంపు పక్కన పెట్టేశారు.

"కుజదోషం లేదండి. కుర్రాడికి సంబంధాలు చూస్తున్నారేటి?"

తాతగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. నోటరీగారి అన్నగారి అమ్మాయి ఉందట, ఎం.టెక్. చదివిందట, గాజువాకలో ఉద్యోగమట. గోత్రాలు కలవలేదు కనుక అభ్యంతరం లేదని, ఆషాఢం వెళ్లగానే చూపులు పెట్టుకోవచ్చని ఇద్దరూ అక్కడికక్కడే ఒక అంగీకారానికి వచ్చారు. ఈ తొమ్మిది పది నెలలలో మొదటిసారి మా మేనల్లుడు మధ్యలో కల్పించుకుని ఒక మాట అన్నాడు.

"ముందు ఆ అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్ జిరాక్స్ పంపించమనండి."