గెలిచిన డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తోంది?

ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్ల గురించి, అప్పుడప్పుడూ సరదాకు ఆడేవారిని అడిగి చూడండి, దాదాపు అందరి నోటా ఒకే రకం మెచ్చుకోలు వినిపిస్తుంది. ఖాతా రెండు నిమిషాల్లో తెరుచుకుంటుంది, ఆధార్ అడగరు, పాన్ అడగరు, మొదటి డిపాజిట్‌కు అంతకు అంత బోనస్ ఇస్తారు, గెలిచినదాంట్లో పన్ను కోయరు, అర్ధరాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా ఎవరో ఒకరు పలుకుతారు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీ హాస్టళ్లలో ఉండే మన తెలుగు కుర్రాళ్లు ఐపీఎల్ రోజుల్లో చెప్పుకునే మాటలివి. వీటిలో చాలావరకు నిజమే. ఆడేవాడిని కాపాడటానికి చట్టం పెట్టించిన ప్రతి ఏర్పాటూ అతని కంటికి విసుగు పుట్టించే తంతుగా, అది లేకపోవడం సౌకర్యంగా కనిపించడమే ఇందులో ఉన్న చిక్కు.

ఈ అభిరుచి ఒక్క రోజులో ఏర్పడింది కాదు. పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. రమ్మీని కూడా వదల్లేదు. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని మాత్రం అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. దాంతో సొంత ఊళ్లో తెరుచుకోని యాప్ బెంగళూరులో హాయిగా తెరుచుకునేది. హైదరాబాద్ బస్సెక్కి ఆంధ్ర సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటితే, మీరున్న చోట ఈ ఆటకు అనుమతి లేదని చెప్పి మూసుకునేది. యాప్ మనిషి ఎక్కడున్నాడో చూస్తోందంటే దానికి చట్టం భయం ఉందన్నమాట. ఆ భయం చాలా పనులే చేయించింది. పాన్ అడిగించింది, 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే మినహాయించే ఆదాయపు పన్ను) కోయించింది. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్‌టీ పడింది, అంటే వాలెట్‌లో వేసిన ప్రతి 100 రూపాయల్లో దాదాపు 22 పన్నుకే పోయేవి. తమిళనాడు ఇంకో అడుగు వేసి, అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల దాకా డబ్బు ఆటల్లోకి లాగిన్ కానివ్వకూడదని 2025లో నిబంధన పెట్టింది, దాన్ని మద్రాసు హైకోర్టు సమర్థించింది. అలా కొంతకాలం అత్తిబెలె దగ్గర సరిహద్దుకు ఇటు రాత్రంతా నడిచే ఆట అటు హొసూరులో అర్ధరాత్రి ఆగిపోవాల్సి వచ్చింది. ఈ తేడాను ఆరోగ్యకరమైన కట్టడిగా మెచ్చుకున్న ఆటగాడు నాకు ఒక్కడూ తగల్లేదు. హొసూరులో గది తీసుకుంటే ఇబ్బందేనన్నవాళ్లు మాత్రం తగిలారు.

2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. పార్లమెంటు రెండు రోజుల్లో ఆమోదించింది, 22న రాష్ట్రపతి సంతకమైంది. డబ్బు ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చినా రెండేళ్లు, 50 లక్షలు. ఆడేవారికి మాత్రం అందులో శిక్ష లేదు. రమ్మీ నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన, 1968లో ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాటి నుంచీ లాయర్లకు అన్నం పెట్టిన వాదన, ఈ చట్టంలో పక్కకు పోయింది: డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆట ఏదైనా నిషిద్ధమే. బెంగళూరులో ఆఫీసులు, బోర్డులు, పన్ను నంబర్లు ఉన్న కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి, వందల మంది ఉద్యోగాలు పోయాయి. చిరునామా లేని విదేశీ సైట్లు మాత్రం పేరు చివర ఒక అంకె మార్చుకుని, కొత్త లింకుతో టెలిగ్రామ్‌లో మళ్లీ తేలాయి. చట్టం తప్పని నేననను. అయితే టీడీఎస్, కేవైసీ (గుర్తింపు పత్రాల తనిఖీ) అంటే చిరాకుపడటం నేర్చుకున్న ఆటగాడికి ఆ రెండూ లేని చోటు సహజంగానే మెరుగ్గా తోచింది.

ఆ మెచ్చుకోళ్లను ఇప్పుడు ఒకసారి లెక్కవేసి చూద్దాం. బలాలు సమానమనుకున్న రెండు జట్ల మ్యాచ్‌కు సైట్ ఇరువైపులా 1.90 ధర, అంటే గెలిస్తే రూపాయికి రూపాయి 90 పైసలు తిరిగి ఇస్తుందనుకోండి. రెండింటి మీదా వంద చొప్పున కాస్తే 200 పెట్టినట్టు, ఎవరు గెలిచినా చేతికొచ్చేది 190. ఆ పది సైట్ వాటా. మ్యాచ్ ఎటు పోయినా దానికి ఒకటే. దీనికి బోనస్‌ను జోడించండి. వెయ్యి రూపాయల బోనస్ విత్‌డ్రా కావాలంటే దానికి 20 రెట్ల పందేలు కాయాలన్నది ఇలాంటి చోట్ల మామూలు షరతే. 20 వేల పందేల మీద 5 శాతం కోత ఎంత? సరిగ్గా వెయ్యి. ఇచ్చిన చేత్తోనే తీసుకున్నారు, మధ్యలో ఆటగాడు 20 వేల దాకా పందెం కాయడానికి అలవాటుపడ్డాడు.

తెర మీద విమానం పైకెగురుతూ గుణకం, అంటే పందెం ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకె, పెరిగే ఆట ఇంకా దారుణం. పందెంలో 97 శాతం తిరిగి ఆటగాళ్లకే వస్తుందని ప్రకటించుకునే ఇలాంటి ఆటలో, కోత మూడు శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఒక్కో రౌండ్ అర నిమిషం కూడా పట్టదు. వందతో మొదలుపెట్టి, చేతిలో మిగిలినదంతా ప్రతిసారీ మళ్లీ పెడుతూ పోతే 50 రౌండ్లకు సగటున మిగిలేది 22 రూపాయల లోపే. బెంగళూరు రేస్‌కోర్సులో గుర్రప్పందెం కాసేవాడికి రేసుకూ రేసుకూ మధ్య టీ తాగి ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, సాయంత్రానికి కౌంటర్ మూస్తారు. ఈ ఫోన్ ఆటలో ఆ విరామమే లేకుండా చేశారు.

ఒక సహోద్యోగి తన ఫోన్‌లో ఇలాంటి సైట్ ఒకటి చూపించాడు. డిపాజిట్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఒకసారి ఏదో టైలరింగ్ షాపు పేరు మీద, ఇంకోసారి పండ్ల వ్యాపారి పేరు మీద, మరోసారి ఎవరో ఒక మహిళ పేరు మీద. సైట్ పేరు మాత్రం ఎక్కడా కనబడదు. “అన్నా, ఎవరి పేరైతే మనకేంటి, బ్యాలెన్స్ పడిందా లేదా?” అన్నాడు. విత్‌డ్రా పేజీ తీరు వేరు. ‘ప్రాసెస్ అవుతోంది’ అని బూడిద రంగు అక్షరాల్లో ఒక వరుస, దాని కిందే పచ్చగా, వెడల్పుగా ఇంకో బటన్: రద్దు చేసి వాలెట్‌లోకి తిరిగి తీసుకోండి. చిన్న మొత్తాలు పది నిమిషాల్లో వచ్చేస్తాయని, పెద్ద మొత్తానికి పెట్టినప్పుడే పాస్‌బుక్ పట్టుకుని సెల్ఫీ పంపమన్నారని చెప్పాడు. లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ అడగని గుర్తింపు బయటికి వెళ్లేటప్పుడు అడుగుతున్నారు. ఆ చిన్న చెల్లింపులు చూసే కదా జనం సైట్ మంచిదంటున్నారు! వాటిని ప్రకటన ఖర్చుగానే లెక్కగట్టాలి.

ఆ పది నిమిషాల్లో వచ్చిన డబ్బు ఎవరిది? సైట్‌కు మన దేశంలో తన పేరుతో బ్యాంకు ఖాతా ఉండదు కాబట్టి అద్దె ఖాతాల మీద నడుస్తుంది. కమీషన్‌కు ఆశపడి పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పజెప్పినవాళ్ల ఖాతాలివి. వాళ్లలో మన కుర్రాళ్లూ ఉన్నారు. పార్ట్‌టైమ్ ఉద్యోగమనో, డిజిటల్ అరెస్టనో మోసపోయినవారి డబ్బు కూడా ఇవే ఖాతాల గుండా తిరుగుతుంది. బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే పోలీసులు ఆ డబ్బు వెళ్లిన గొలుసంతా పట్టుకుని ఒక్కో ఖాతానూ ఆపిస్తారు. క్రికెట్ సెషన్‌లో (కొన్ని ఓవర్ల పరుగుల మీద కాసే పందెంలో) రెండు వేలు గెలిచి సంబరపడినవాడి జీతం ఖాతా కూడా ఆ గొలుసులో ఒక కొసన ఉండవచ్చు. బ్యాంకుకు వెళ్తే, ఫలానా రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోమంటారు. ఇంటి అద్దె, ఈఎంఐ అన్నీ ఆ ఖాతా నుంచే పోవాలి. అక్కడి పోలీసులకు ఆ రెండు వేలు ఎలా వచ్చాయో రాసివ్వాలంటే బెట్టింగ్ ఆడానని ఒప్పుకోవాలి. సొంత రాష్ట్రంలో అదే నేరమని తెలిసినవాడు ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడతాడు.

అందుకే సైట్లను ఒక్కొక్కటిగా బ్లాక్ చేయడం కంటే ఈ ఖాతాల మీద పడటం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం. ఒక టైలర్ సేవింగ్స్ ఖాతాలోకి మ్యాచ్ మొదలైన గంటలో ముక్కూమొహం తెలియని వందల మంది నుంచి 500, 1000 చొప్పున జమ పడి, అర్ధరాత్రికల్లా ఖాళీ అవుతుంటే ఆ కదలిక ముందుగా కనబడేది బ్యాంకుకే. జీతం ఖాతాను ఆపడంలో చూపే చురుకుదనం ఆ మొదటి ఖాతా విషయంలో, మొదటి సాయంత్రమే చూపాలని బ్యాంకులను నిలదీయాల్సింది రిజర్వు బ్యాంకు.